పెరుగన్నం తప్పు కాదు

నెల్లూరులోని మా ఇంట్లో తెల్లవారితే ముందు వినబడేది మా చిన్నోడి తుమ్ములు. పరుపు దిగకముందే పది, పన్నెండు. ఆ వెంటనే అరచేత్తో ముక్కును కిందనుంచి పైకి రుద్దుకుంటాడు. రుద్ది రుద్ది ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడింది. చలవ చేసిందని మా అత్తమ్మ అంటే రెండేళ్లు పెరుగన్నం మాన్పించాం. ఆ గీతే అలర్జీ గుర్తని తెలిశాక చాలా బాధేసింది.

పడిశం వైరస్ వల్ల వస్తుంది, మామూలుగా వారం పది రోజుల్లో పోతుంది. అలర్జీకి జ్వరం ఉండదు. ముక్కు, కళ్లు, అంగిలి ఒకటే దురద, నీళ్లలాంటి చీమిడి. దీని వెనకున్న ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాలో గుర్తించారు. ర్యాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి పడనివాళ్ల రక్తంలో అది దొరికింది. మన వయ్యారిభామది కూడా ఆ మొక్క కుటుంబమే. ముక్కు పొరలోని మాస్ట్ కణాలకు ఐజీఈ అంటుకుని ఉంటుంది. గిట్టనిది తగిలిందా, ఆ కణాలు దురద, తుమ్ములు తెప్పించే హిస్టమిన్‌ను వదులుతాయి.

ఊరి చుట్టూ ఉన్న సర్కారు తుమ్మ మీదే నా అనుమానం. అలర్జీ బిళ్లలు వారం ముందే ఆపించి పరీక్ష చేశారు. ముంజేతి మీద అనుమానమున్న వాటి రసాల చుక్కలు వరసగా, ఒక్కో చుక్కలో సూదిమొనతో చిన్న గుచ్చు. పోలికకు ఒక ఉప్పునీటి చుక్క, ఒక హిస్టమిన్ చుక్క. పదిహేను నిమిషాల్లో తుమ్మ చుక్క దగ్గర ఏమీ లేదు, దుమ్ముపురుగు చుక్క దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. ఉప్పునీటి చోటుకంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే అలర్జీ ఉన్నట్టు లెక్క. ఆ రాత్రే వాడికి పెరుగన్నం పెట్టాను.

దుమ్ముపురుగు మిల్లీమీటరులో మూడోవంతు ఉంటుంది. మన ఒంటి పొట్టు తింటుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలి, దూది పరుపు ఉంటే దానికి పండగే. ఎక్కువగా పడనిది దాని రెట్ట. చీమకుర్తి గ్రానైట్ క్వారీల రాతిపొడికి ముక్కు మండడం వేరే సంగతి. అది రాపిడి, ఊపిరితిత్తులకూ ముప్పే, అక్కడ మాస్కు తప్పదు.

పరుపుకూ దిండ్లకూ పురుగు దూరని జిప్పు తొడుగులు వేశాం. దుప్పట్లు వారం వారం 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతున్నాం. అసలు మందు మాత్రం ముక్కులో కొట్టే స్టీరాయిడ్ స్ప్రే. పేరు విని భయపడతారు గానీ డాక్టరు చెప్పిన మోతాదులో రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులోకి ఎడమచేత్తో, మధ్యగోడకు కాకుండా బయటివైపుకు కొట్టాలి. పూర్తి గుణం కనబడడానికి రెండు వారాలు పట్టొచ్చు. చాలామంది నాలుగో రోజే మానేసి, దిబ్బడ వదిలించే చుక్కలకు మళ్లుతారు. అవి ఐదు రోజులు దాటితే ముక్కు ఇంకా బిగుసుకుంటుంది.