నాన్నగారి ఆఫీసులో ఆర్కిటెక్ట్: అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో నాన్నగారి ఆఫీసులో చేరి ఆరేళ్లయింది. పెళ్లిళ్లలో కనిపించిన వాళ్లంతా అనే మాటలే ఇవి.

అపోహ: తండ్రి ఆర్కిటెక్టే కదా, కూతురికి సీటు రెడీ.

వాస్తవం: ఇది పొలంలా రాసిచ్చేది కాదు. ఐదేళ్ల బి.ఆర్క్ నేనే చదవాలి. 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నా పేరు నమోదైతేనే ఆర్కిటెక్ట్‌నని చెప్పుకోవాలి. ఇక సీటంటారా, మొదటి ఏడాదంతా నా చేతికి దక్కింది టేపు రెండో కొస.

అపోహ: చదువుకున్న పిల్లకి మేస్త్రీ ఏం నేర్పుతాడు?

వాస్తవం: నేను సొంతంగా గీసిన మొదటి పని ఓ నీళ్ల సంపు. బయటి కొలతలు 10 అడుగుల పొడవు, 6 వెడల్పు, 6 లోతు. మేలో తవ్వించాను. కాలవలు కట్టేసి ఉన్నాయి, గోతిలో చెమ్మ తప్ప నీరు లేదు. కాంక్రీట్ గోడలు లేచాయి, పై స్లాబు మిగిలింది.

"అమ్మాయిగారూ, కాలవ వదిలేలోగా ఇందులో నీళ్లు నింపేద్దామండి," అన్నాడు మేస్త్రీ.

స్లాబు అయ్యాక చూద్దాంలే అన్నాను. జూన్‌లో కాలవలు వదిలారు, దానికి తోడు వాన, నేలలో నీరు పైకొచ్చింది. వారం తిరిగేసరికి సంపు ఓ పక్కకి ఒరిగి నాలుగంగుళాలు పైకి లేచింది! ఖాళీ బిందెని నీళ్లలోకి నొక్కితే తన్నుకొచ్చినట్టు. 360 ఘనపుటడుగులంటే, నేలలో నీరు అంచుదాకా వస్తే పది టన్నుల తోపు. నా సంపు బరువు ఆరేడు టన్నులు. ఆర్కిమెడిస్ సూత్రం నాకు తెలియక కాదు, కాలవ ఎప్పుడు వదులుతారో పట్టించుకోలేదు. నాన్నగారు ఒక్క మాట అనలేదు. ఖర్చు ఆఫీసు ఖాతాలో రాసి, ఆ డ్రాయింగ్ నా టేబుల్ ఎదురుగా అంటించారు. ఇంకా అక్కడే ఉంది.

అపోహ: ఆర్కిటెక్ట్ అంటే ఎలివేషన్, అంటే ఇంటి ముందు రూపు, గీసేవాళ్లు.

వాస్తవం: మా వైపు సగం ఆలోచన నేల కిందే. నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. అందుకే చాలాచోట్ల పునాదికి అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి దిగి అడుగున గడ్డలా వెడల్పయ్యే కాంక్రీట్ స్తంభాలు, వేయిస్తాం. లెక్క స్ట్రక్చరల్ ఇంజనీర్‌ది. "కనపడని దానికి ఇంత డబ్బా?" అనే ఇంటాయన్ని ఒప్పించడం మాత్రం మా వంతు.

అపోహ: చుట్టాలకి ప్లాన్ ఫ్రీ.

వాస్తవం: ఆత్రేయపురం పూతరేకుల పెట్టెతో ఓ బాబాయి వచ్చారు. "రెండు గీతలేగా అమ్మా!" ఆ రెండు గీతలూ పదకొండుసార్లు మారాయి. నాన్నగారికి మొహమాటం, డబ్బు అడగలేరు. అప్పట్నుంచి చుట్టాలకి కొటేషన్ పంపే పని నాది. మొన్న అదే బాబాయి పైన ఇంకో అంతస్తు వేస్తామని ఫోన్ చేశారు. పెట్టె వచ్చేలోగా కొటేషన్ వాట్సాప్ చేశాను.