వైరస్ సోకితే ఆడవాళ్లు లావెక్కుతారా? అపోహలు - వాస్తవాలు

అపోహ: లావు తిండి వల్లే వస్తుంది. వైరస్ అనేది ఒక సాకు.

సాకు కాదు. వైరస్‌కూ లావుకూ ఉన్న సంబంధంపై పరిశోధన మొదలైంది మన దేశంలోనే. 1980లలో కోళ్లకు ఒక వైరస్ వల్ల అంటురోగం వచ్చింది. రోగంతో చచ్చిన కోడి చిక్కిపోయి ఉండాలి. వీటిని కోసి చూస్తే పొట్ట నిండా కొవ్వు! ముంబైలో ఊబకాయానికి వైద్యం చేస్తున్న డాక్టర్ నిఖిల్ ధురంధర్‌కు ఈ సంగతి చెప్పింది పశువైద్య నిపుణుడు అజింక్య. ధురంధర్ 52 మంది స్థూలకాయుల రక్తం పరీక్షిస్తే, పదిమందిలో ఆ కోళ్ల వైరస్‌కు యాంటీబాడీలు (వైరస్ సోకినప్పుడు ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థాలు) కనిపించాయి. ఆ పదిమందీ మిగతావాళ్ల కంటే బరువు ఎక్కువ, కొలెస్ట్రాల్ మాత్రం తక్కువ. తర్వాత ఆయన అమెరికా వెళ్లి, అక్కడి ఊబకాయ పరిశోధకుడు రిచర్డ్ అట్కిన్సన్‌తో కలిసి, అదే జాతికి చెందిన, మనుషులకు సోకే అడినోవైరస్-36ను కోళ్లకూ ఎలుకలకూ ఎక్కించి చూశారు. వాటిలోనూ కొవ్వు పెరిగింది. ఈ వైరస్‌లోని ఒక జన్యువు లేత కణాలను కొవ్వు కణాలుగా మారేలా పురిగొల్పుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. ఇంతమందినీ నోరు కట్టుకోలేనివాళ్లని తీసిపారేయడం అన్యాయం.

అపోహ: అయితే నా బరువుకు వైరసే కారణం. రక్తపరీక్షలో తేలిపోతుంది.

తేలదు. 2005లో అమెరికాలో 502 మందిని చూస్తే, స్థూలకాయుల్లో 30 శాతం మందికి, మిగతావాళ్లలో 11 శాతం మందికి అడినోవైరస్-36 యాంటీబాడీలున్నాయి. 2012 నాటి స్వీడన్ అధ్యయనంలో పెద్దవాళ్ల విషయానికొస్తే, తీవ్రమైన ఊబకాయంతో సంబంధం ఆడవాళ్లలో కనిపించింది. కానీ నెదర్లాండ్స్, బెల్జియంలలో వెతికితే అలాంటిదేమీ దొరకలేదు. పైగా యాంటీబాడీ ఉందంటే వైరస్ ఎప్పుడో సోకిందనే అర్థం. బరువు పెరగక ముందు సోకిందా, పెరిగాక సోకిందా అన్నది అది చెప్పదు. మనుషులకు కావాలని వైరస్ ఎక్కించి తేల్చుకోలేం కదా. పాజిటివ్ వచ్చినా వైద్యం మారదు. ఊబకాయం కోసం ఈ వైరస్‌కు వాడే మందు లేదు, టీకా లేదు. ఈ పరీక్షకు డబ్బు ఖర్చు పెట్టొద్దనే నా మాట.

అపోహ: లావుగా ఉన్నవాళ్ల దగ్గర కూర్చున్నా, చికెన్ తిన్నా అంటుకుంటుంది.

రెండూ తప్పే. అడినోవైరస్‌లు జలుబు, విరేచనాల్లా ఎవరి నుంచి ఎవరికైనా పాకుతాయి, సన్నగా ఉన్నవాళ్ల నుంచి కూడా. బాగా ఉడికిన మాంసంలో వైరస్ బతకదు.

అపోహ: జ్వరం తర్వాత ఒళ్లు పెరిగిందంటే అది వైరస్ వల్లే.

ఇక్కడే అసలు కారణాలు కళ్లు గప్పుతాయి. కొందరికి వైరల్ జ్వరం తగ్గాక థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. మెడ ముందు నొప్పి, అది చెవి దాకా పాకడం దీని గుర్తు. మొదట్లో గుండెదడ వస్తుంది, బరువు తగ్గుతుంది. కొన్ని వారాల తర్వాత గ్రంథి మందగించి నీరసం, కాస్త బరువు వస్తాయి. అందుకే ఒక్కసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించి ఊరుకోకుండా, మళ్లీ కొన్ని వారాలకు చూడాలి.

ఇంకొకటి, నన్ను ఎక్కువ కలవరపెట్టేది. చికున్‌గున్యా తర్వాత కీళ్లనొప్పులు తగ్గక, పేరు లేని కాగితం పొట్లాల్లో ఇచ్చిన మాత్రలు నెలల తరబడి మింగుతుంటారు. నొప్పి మాయమవుతుంది, ఆకలి పెరుగుతుంది. ముఖం చందమామలా గుండ్రమవుతుంది, పొట్ట పెరుగుతుంది, కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడతాయి. చర్మం ఊరికే కమిలిపోతుంది. అది స్టెరాయిడ్ ప్రభావం. అలాంటి మాత్రలుంటే డాక్టర్ దగ్గరికి వచ్చేటప్పుడు పొట్లంతో సహా తీసుకురండి. భయపడి సొంతంగా ఒక్కసారిగా మాత్రం ఆపేయకండి. నెలల తరబడి వాడినవి హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. మోతాదు మెల్లమెల్లగా మా డాక్టర్లమే తగ్గిస్తాం.