ఆ రెండో 'ఎమ్' ఎవరిది?

మన పిల్లలకు జెమ్స్ ఎలాగో అమెరికా పిల్లలకు ఎమ్ అండ్ ఎమ్స్ అలాగ. చొక్కా గుండీలంత చాక్లెట్ బిళ్లలు, పైన గట్టి చక్కెర పూత, దాని మీద బుల్లి ఇంగ్లిష్ అక్షరం. అమెరికా నుంచి వచ్చిన చుట్టాలు సూట్‌కేసు తెరిస్తే బట్టల మధ్యలోంచి ఈ ప్యాకెట్లు బయటపడటం మన ఇళ్లలోనూ మామూలే. పేరులో మొదటి ఎమ్ మార్స్ కంపెనీదని చాలామంది ఇట్టే చెప్పేస్తారు. రెండోది మర్రీ. పోటీ కంపెనీ పెద్దాయన ఇంటిపేరు అది!

ఈ బిళ్లల్ని తెచ్చింది ఫారెస్ట్ మార్స్. అతని తండ్రి ఫ్రాంక్ అప్పటికే పేరున్న మిఠాయి వ్యాపారి. 1923లో మిల్కీ వే, 1930లో స్నికర్స్ తెచ్చింది ఆయనే. (స్నికర్స్ అనేది వాళ్ల గుర్రం పేరు. ఆ ఇంట్లో పేర్లు పెట్టే తీరే అంత.) వ్యాపారం ఇంకా పెంచాలని కొడుకు, ఇది చాలని తండ్రి. పొసగలేదు. ఫారెస్ట్ 1932లో ఇంగ్లండ్ వెళ్లి స్లవ్ అనే ఊళ్లో సొంతంగా మార్స్ బార్ తయారీ మొదలుపెట్టాడు.

గుండీ బిళ్లల ఆలోచన స్పెయిన్ అంతర్యుద్ధం నాటిదని చెబుతుంటారు. అక్కడి సైనికులు చక్కెర పూత వేసిన చాక్లెట్ తినడం ఫారెస్ట్ చూశాడట. కథ బాగానే ఉంది గానీ, ఇంగ్లండ్‌లో రౌంట్రీ కంపెనీ 1937కే అలాంటి బిళ్లల్ని స్మార్టీస్ పేరుతో అమ్ముతోంది. అంత దూరం వెళ్లకుండా పక్క కొట్లో చూసినా సరిపోయేది. ఏదైతేనేం, కిటుకు దొరికింది. దుకాణాల్లో ఏసీలు లేని రోజులవి. ఎండాకాలం వస్తే చాక్లెట్ కరిగి అమ్మకాలు పడిపోయేవి. చక్కెర పెంకు ఉంటే ఆ బెడద తగ్గుతుంది.

అమెరికా తిరిగొచ్చేసరికి ఇంకో టెన్షన్. 1939లో ఐరోపాలో యుద్ధం మొదలైంది. అది అమెరికా దాకా వస్తే చక్కెరకూ కోకోకూ రేషన్ తప్పదు. కొత్తగా పెట్టిన కంపెనీకి చాక్లెట్ ఎవరిస్తారు? అప్పట్లో అక్కడ చాక్లెట్ అంటే హెర్షీ. దాని ప్రెసిడెంట్ విలియం మర్రీ, 1908 నుంచీ ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఫారెస్ట్ ఆయన కొడుకు బ్రూస్‌ను భాగస్వామిగా తీసుకున్నాడు. చాక్లెట్ హెర్షీ నుంచి వచ్చేది. 1941లో న్యూజెర్సీ రాష్ట్రం నెవార్క్‌లో తయారీ మొదలైంది. మార్స్, మర్రీ కలిసి ఎమ్ అండ్ ఎమ్స్ అయింది. పేరులో ఇద్దరూ చెరి సగం; వాటాల్లో ఫారెస్ట్‌కు 80 శాతం, బ్రూస్‌కు 20. నన్నడిగితే ఇది స్నేహం కాదు, సరుకు ఆగకుండా చేసుకున్న ఏర్పాటు.

అది ఫలించింది కూడా. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగింది. అట్ట గొట్టాల్లో నింపిన ఈ బిళ్లలు సైన్యానికి వెళ్లాయి. ఎండ దేశాలకు పంపినా పాడవవు, జేబులో పోసుకోవచ్చు. యుద్ధం ముగిసి ఇళ్లకు చేరిన సైనికులకు ఆ రుచి అప్పటికే అలవాటైపోయింది.

ఇక హెర్షీ చేయూతతో అంత పని లేదు. 1949లో ఫారెస్ట్ 10 లక్షల డాలర్లిచ్చి బ్రూస్ వాటా కొనేశాడు. మర్రీ వెళ్లిపోయాడు, పేరులో ఎమ్ మిగిలింది. అంత పేరొచ్చిన సరుకుకు ఎవరు మాత్రం పేరు మారుస్తారు?

నకిలీలతో పోల్చి గుర్తుపట్టేలా బిళ్ల మీద అక్షరం అచ్చువేయడం 1950లో మొదలైంది. మొదట నల్లగా, 1954 నుంచి తెల్లగా. ప్యాకెట్ మీద ఇద్దరి అక్షరాలూ ఉన్నా, ఒక్కో బిళ్ల మీద ఉండేది ఒక్క ఎమ్మే. అప్పటికి బ్రూస్ వెళ్లిపోయి ఏడాది.