షుగర్ ఉన్న పిల్లిని వదిలి ఊరెళ్ళాలంటే

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "తమ్ముడి పెళ్ళికి విజయనగరం వెళ్ళి అయిదు రోజులు ఉండాలి. మా పిల్లికి షుగర్. పొద్దున, రాత్రి ఒక్కో యూనిట్ గ్లార్జిన్ ఇన్సులిన్ వేస్తున్నాం. పక్క ఫ్లాట్ ఆంటీ నేను వేస్తానులే అంటున్నారు. ఆవిడకీ ఎన్నో ఏళ్ళుగా షుగరే, ఇన్సులిన్ సూదంటే ఆవిడకి కొట్టిన పిండి. అప్పగించి వెళ్ళొచ్చా?"

వెళ్ళొచ్చు. కానీ కొట్టిన పిండి అన్నారు చూడండి, నాకు భయం అక్కడే.

షుగర్ అంటే ఏంటో మన ఇళ్ళల్లో పాఠం చెప్పక్కర్లేదు, ప్రతి ఇంట్లోనూ ఒక నిపుణుడు ఉంటాడు. పిల్లులకి వచ్చేది చాలావరకు మన టైప్ 2 లాంటిదే, ఇంట్లోనే తిరిగే లావుపాటి పిల్లులకి ఎక్కువ, అక్కడితో ఆ సంగతి వదిలేసి అసలు విషయానికి వద్దాం: ఒక యూనిట్ అంటే ఎంత?

గ్లార్జిన్ సీసాలో మిల్లీలీటరుకి 100 యూనిట్లు ఉంటాయి. అంటే మీ పిల్లికి పూటకి పడేది 0.01 మి.లీ. మామూలు నీటి చుక్కలో అయిదో వంతు. దాన్ని గుండ్రంగా పూసలా చుడితే అడ్డకొలత 2.7 మిల్లీమీటర్లు, ఆవగింజ కంటే కాస్త పెద్దది, అంతే. ఆ ఆవగింజలో సగం తేడా వచ్చినా డోసు సగం తేడా వచ్చినట్టే. ఆంటీ గారు పూటకి 20 యూనిట్లు వేసుకుంటారనుకోండి, చెయ్యి వణికి ఒక యూనిట్ అటూ ఇటూ అయితే అది నూటికి అయిదు వంతులు, ఆవిడ ఒంటికి లెక్కలోకి రాదు. నాలుగు కిలోల పిల్లికి అదే ఒక్క యూనిట్ తేడా అంటే మందు రెట్టింపు అవడమో అసలు పడకపోవడమో. సిరంజిలో ఆ ఆవగింజంత గాలి బుడగ కూర్చుంటే చాలు, పిల్లికి మందు బదులు గాలి వెళ్తుంది. ఆవిడ ఇన్నేళ్ళలో బుడగని అంత పట్టించుకుని ఉండరు, పట్టించుకోవాల్సిన అవసరమూ రాలేదు.

ఇక సిరంజి. మన దేశంలో మందుల షాపులో రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు దొరుకుతాయి. ఎర్ర మూతది యు-40, మిల్లీలీటరుకి 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం. నారింజ మూతది యు-100. మనుషులు వాడే 30/70 లాంటి పాత రకం సీసాలు చాలావరకు 40 యూనిట్లవే కాబట్టి ఆంటీ గారి డబ్బాలో ఎర్ర మూతలు ఉండే అవకాశం ఎక్కువ. మీరిచ్చిన సిరంజిలు అయిపోయాయనో, కనపడలేదనో ఆవిడ తన ఎర్ర మూత సిరంజి తీసి మీ గ్లార్జిన్ సీసాలోంచి "ఒక గీత" లాగారనుకోండి. ఆ గీత 0.025 మి.లీ. గ్లార్జిన్ లెక్కలో అది రెండున్నర యూనిట్లు. తిరగేసి చూద్దాం: పిల్లి వాడేది 40 యూనిట్ల ఇన్సులిన్ అయ్యుండి (పశువుల కోసమే తయారుచేసిన కానిన్సులిన్, ప్రోజింక్ అలాంటివే) నారింజ మూత సిరంజిలో ఒక గీత లాగితే పడేది 0.4 యూనిట్. ఇంకో తిరకాసు కూడా ఉంది, ఒక మిల్లీలీటరు పట్టే యు-100 సిరంజిల్లో కొన్నిటికి గీత గీతకీ రెండు యూనిట్లు, అందువల్ల సిరంజి రకం సరైనదే అయినా "ఒక గీత" అన్నమాట తప్పు. ఆంటీకి గీతల్లో చెప్పకండి. 0.3 మి.లీ. సిరంజి, అర యూనిట్ గీతలున్నది దొరికితే అదే కొని, లెక్కపెట్టి ఇవ్వండి. ఎంతవరకు లాగాలో స్కెచ్ పెన్‌తో ఒక సిరంజి మీద గుర్తు పెట్టి నమూనాగా ఇవ్వండి, గ్లార్జిన్ సీసాకి రబ్బరు బ్యాండుతో కట్టేయండి.

ఇంత చిన్న కొలతతో తంటా ఎందుకు, కాస్త నీళ్ళు కలిపి పలచన చేస్తే కొలవడం తేలిక కదా అని ఎవరో ఒకరు అంటారు. గ్లార్జిన్‌తో ఆ పని అస్సలు చెయ్యకూడదు. ఎందుకో చెప్పకుండా ఉండలేను, నాకు భలే ఇష్టమైన రసాయనం ఇది. మామూలు ఇన్సులిన్‌లో ఎ, బి అని రెండు అమైనో ఆమ్లాల గొలుసులుంటాయి. ఎ గొలుసు 21వ స్థానంలో ఉన్న ఆస్పరజిన్‌ని తీసి గ్లైసిన్ పెట్టి, బి గొలుసు చివర రెండు ఆర్జినిన్లు తగిలిస్తే దాని ఐసోఎలక్ట్రిక్ పాయింటు (ఏ పిహెచ్ దగ్గర, అంటే ఎంత ఆమ్లగుణం దగ్గర, అది అతి తక్కువగా కరుగుతుందో ఆ అంకె) 5.4 దగ్గర్నుంచి 6.7కి జరుగుతుంది. అంటే సీసాలో పిహెచ్ 4 ఆమ్లంలో హాయిగా కరిగి ఉంటుంది, చర్మం కింద పిహెచ్ 7.4 తగలగానే కరగలేక పాలు విరిగినట్టు సన్నటి రేణువులుగా విరిగిపోతుంది, ఆ రేణువులు గంటల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతూ రక్తంలోకి వెళ్తాయి. మందు నెమ్మదిగా పనిచెయ్యడంలో రహస్యమంతా ఆ ఆమ్లమే. మీరు నీళ్ళు కలిపితే ఒంట్లో విరగాల్సింది సీసాలోనే విరిగి కూర్చోవచ్చు.

ఈ నెమ్మదితనమే ఇంకో చిక్కు తెస్తుంది. ఎనిమిదింటికి మందు ఎక్కువ పడితే ఎనిమిదింటికి ఏమీ కాదు. ఆంటీ గారు తలుపు తాళం వేసుకుని వెళ్ళిపోయాక, ఏ మధ్యాహ్నమో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు షుగర్ పడిపోతుంది. పిల్లి తూలుతుంది, వణుకుతుంది, ఏ మంచం కిందకో దూరుతుంది, ముదిరితే ఫిట్స్. అందుకని ఊళ్ళో లేనప్పుడు లక్ష్యం షుగర్‌ని చక్కగా అదుపులో పెట్టడం కాదు, పడిపోకుండా చూడటం. ఒక పూట సూది తప్పితే దాహం పెరుగుతుంది, లిట్టర్ డబ్బాలో ఉచ్చ ముద్దలు పెద్దవవుతాయి, అంతే. వరసగా రోజుల తరబడి తప్పితే మాత్రం కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని ప్రాణం మీదకి వస్తుంది. ఎక్కువ షుగర్ రోజుల లెక్కలో హాని చేస్తే తక్కువ షుగర్ గంటల్లో చేస్తుంది. కాబట్టి ఆంటీకి ఇచ్చే మొదటి సూచన: వేశానా లేదా అని అనుమానం వస్తే ఆ పూటకి వెయ్యకండి. సగం బయటికి కారిపోయినట్టు అనిపించినా మళ్ళీ వెయ్యకండి. ముందు తిండి పెట్టి, తినడం కళ్ళారా చూశాకే సూది. తినలేదా, కక్కిందా, సూది ఆపి డాక్టరుకి ఫోన్. ఆవిడ ఒకసారి, వాళ్ళబ్బాయి పాపం మర్చిపోయిందేమో అని ఇంకోసారి వెయ్యకుండా ఫ్రిజ్ మీద కాగితం అంటించి టైము, తిన్నదా లేదా, వేసిందెవరు అని రాయమనండి. రాయడం మానేస్తారనిపిస్తే వాట్సాప్‌లో ఫొటో పెట్టమనండి, మనవాళ్ళు అది ఎటూ పెడతారు.

షుగర్ పడిపోతే తేనె పెట్టమని అందరూ చెబుతారు, సరైన సలహానే. కాకపోతే తియ్యగా ఉంది కదా నాకేస్తుందిలే అనుకోవద్దు. పిల్లులకి తీపి తెలియదు. తీపిని పసిగట్టే గ్రాహకంలో సగాన్ని తయారుచేసే టాస్1ఆర్2 అనే జన్యువు పిల్లుల్లో చెడిపోయిందని 2005లో తేలింది. స్పృహలో ఉంటే దానికిష్టమైన తిండి పెట్టాలి, లేకపోతే తేనెనో గ్లూకోజ్ ముద్దనో వేలితో చిగుళ్ళకి రాయాలి, గొంతులో పొయ్యకూడదు, పళ్ళ మధ్య వేలు పెట్టకూడదు, వెంటనే ఆస్పత్రికి.

ఆంటీ గారి గ్లూకోమీటర్ పనికొస్తుందా? కొంతవరకు. మన రక్తంలో గ్లూకోజ్‌లో దాదాపు 42 శాతం ఎర్ర కణాల్లో ఉంటుంది, పిల్లి రక్తంలో 7 శాతమే. మనుషుల మీటరు మన లెక్క ప్రకారం అంచనా వేస్తుంది కనుక పిల్లికి నిజం కంటే తక్కువ చూపిస్తుంది. తప్పే, కానీ మనకి కావలసిన వైపు తప్పు: భయపెడుతుంది, కానీ పడిపోయిన షుగర్‌ని కప్పిపుచ్చదు. చెవి అంచున గుచ్చడం ఆవిడ వల్ల కాకపోతే వదిలెయ్యండి.

బోర్డింగ్‌లో పెట్టొచ్చు కదా అంటే, రాత్రిపూట డాక్టరు ఉండే చోటైతే పెట్టొచ్చు, నేనైతే ఇల్లే మేలంటాను. కొత్త చోట కుక్కల అరుపులు, పట్టుకునే చేతులు, పెనుగులాట, వీటితో అడ్రినలిన్ పెరిగి కాలేయం గ్లూకోజ్ కుమ్మరిస్తుంది. షుగర్ లేని పిల్లికే రీడింగు అమాంతం పెరుగుతుంది. అది చూసి అక్కడివాళ్ళు డోసు పెంచితే, ఇంటికొచ్చి టెన్షన్ తగ్గాక ఆ పెరిగిన డోసే కొంప ముంచుతుంది. పైగా లావు పిల్లి కొత్త చోట రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయానికి కొవ్వు పడుతుంది, అది షుగర్‌ని మించిన గొడవ.

అమెరికాలో ఉంటూ నెలపాటు ఇండియా వచ్చే తెలుగువాళ్ళకి ఒక మాట. అక్కడ 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్ర, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ ద్రవం పిల్లుల షుగర్‌కి అనుమతి పొందాయి. సూది బాధ లేదు కాబట్టి చూసుకునేవాళ్ళు తేలిగ్గా ఒప్పుకుంటారు. కానీ ఇన్సులిన్ మీద ఉన్న పిల్లిని ప్రయాణం కోసమని వీటికి మార్చడం కుదరదు, ఇవి అంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లులకే. వీటితో రీడింగు మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరగొచ్చు. పిల్లి నీరసంగా ఉండి తినడం లేదంటే అంకె బాగుందని ఊరుకోకూడదు.

ప్రయాణమయ్యేటప్పుడు పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి కాసేపు కూర్చునే అలవాటు ఇంకా ఉన్నవాళ్ళు, కూర్చున్న ఆ కాసేపట్లో సీసా ఫ్రిజ్‌లోనే ఉందా ఫ్రీజర్‌లో పడిందా చూసుకోండి. గడ్డ కట్టిన ఇన్సులిన్ పారెయ్యాల్సిందే.

బయల్దేరే ముందు వారం డోసు మార్చొద్దు. ఆ వారంలో రెండు మూడు పూటలు ఆంటీ గారి చేతే, మీరు పక్కన నిలబడి, వేయించండి. అయిదు రోజులకి పది సిరంజిలు, అదనంగా రెండు ఇవ్వండి, వాడినవి మందపాటి ప్లాస్టిక్ సీసాలో వెయ్యమనండి. పూటకి ఆవగింజంతే కాబట్టి ఎన్నిసార్లు వేశారో గ్లార్జిన్ సీసా చూస్తే తెలియదు, ఆ వాడిన సిరంజిలు లెక్కపెట్టి కాగితంతో సరిచూసుకోవాలి. వచ్చాక మొదటి రెండ్రోజులు రీడింగు ఎక్కువ ఉందని మీ అంతట మీరు డోసు పెంచొద్దు. ఫ్రక్టోజమిన్ పరీక్ష గడిచిన ఒకటి నుంచి మూడు వారాల సగటు షుగర్ చెబుతుంది, అది చేయించి, ఫ్రిజ్ మీది కాగితం కూడా పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించండి.