అర్థాలు అప్పజెప్పిన పిల్లలకు అర్థమైనట్టేనా? కొన్ని అపోహలు – వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా ప్రాథమిక పాఠశాలలో రెండు, మూడు తరగతులకు తెలుగు చెబుతున్నాను. ఏటా బడి తెరిచిన నెలలోపే ఎవరో ఒక తల్లి గేటు దగ్గర ఆపి అడుగుతుంది: "మేడం, మా పిల్లగాడు అర్థాలు మంచిగ అప్పజెప్తడు. పాఠంల ఏముందిరా అంటే మాత్రం చెప్తలేడు. ఎందుకట్ల?" గేటు దగ్గర నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదిది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అపోహ: అర్థాలు పదేసి సార్లు రాస్తే మాట వచ్చేస్తుంది.

చేతికి అలవాటవుతుంది, అంతే. 'తరువు = చెట్టు' అని రెండు పేజీలు నింపిన పిల్లవాడు మర్నాడు తెచ్చిన వాక్యం: "అమ్మ కరివేపాకు తరువు పెట్టింది." వాడి తప్పేమీ లేదు. మనం మధ్యలో సమానం గుర్తు పెట్టి ఇచ్చాం. వాడు ఒకటి తీసి ఇంకోటి పెట్టాడు. తరువు పద్యంలో కనిపించే మాట అనీ, పెరట్లో ఉండేది చెట్టేననీ ఆ గుర్తు చెప్పదు. మాట ఎక్కడ ఇముడుతుందో, ఎక్కడ ఇమడదో తెలియడం కూడా అర్థం తెలియడమే.

తెలుగులో చాలా మాటలకు ఒంటరిగా అర్థం చెప్పడమే కష్టం. 'వేయడం' అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పి చూడండి. తలుపు వేస్తాం, ముగ్గు వేస్తాం, ఊరికి కొత్త బస్సు వేస్తారు, ఆకలి వేస్తుంది, భయం వేస్తుంది. పక్కన ఉన్న మాటను బట్టే దాని అర్థం.

మా మూడో తరగతిలో ఇలాంటి మాటను ఒకదాన్ని పట్టుకుని వారమంతా దానితోనే గడుపుతాం. ఆషాఢంలో 'పండింది' తీసుకున్నాం. బోర్డు మీద "ఏమేం పండుతాయి?" అని రాసి ఊరుకున్నాను. మామిడికాయ వచ్చింది, వరి వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు బయటికి చూసి "వేపాకు పండింది, రాలింది" అని రాశాడు. తర్వాత ఒక పాప పలక తెచ్చి చూపింది. దాని మీద "అమ చెయి పడింది" అని ఉంది.

ఇక్కడే రెండో అపోహ.

అపోహ: తప్పు కనబడగానే ఎర్రపెన్నుతో దిద్దాలి, లేకపోతే అదే అలవాటవుతుంది.

నేనూ మొదటి రెండు మూడేళ్లు అలాగే దిద్దాను. దాంతో పిల్లలు తమకు రాయడం వచ్చిన మాటలే రాయడం మొదలుపెట్టారు. ఒత్తు ఉన్న మాటంటే భయం, కొత్త మాటంటే భయం. పుస్తకాల్లో తప్పులు తగ్గాయి, మాటలూ తగ్గాయి.

ఆ పాప పలకను దిద్దలేదు. "చదువమ్మా" అన్నాను. "అమ్మ చెయ్యి పండింది" అని చదివింది, గోరింటాకు పెట్టుకున్న తన చెయ్యి కూడా చూపిస్తూ. ఇప్పుడు చివరి మాటను రాసింది రాసినట్టుగా నేను చదివాను: "అమ్మ చెయ్యి పడింది." పాప కళ్లు పెద్దవి చేసి, "కాదు మేడం, పండింది!" అని పలక లాక్కుని తనే సున్నా పెట్టింది. మ కింద ఒత్తు మర్నాటి వరకు రాలేదు, నేనూ అడగలేదు. సున్నా ఎందుకు కావాలో మాత్రం ఆ పాపకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. వారానికి ఒకరి రాతలో ఒక్క తప్పే, అదీ అర్థాన్ని మార్చేసే తప్పే తీసుకుని మాట్లాడతాను. మిగతావి ఆగుతాయి.

అపోహ: యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ వచ్చాకే సొంతంగా రాయించాలి.

అప్పటిదాకా పిల్లలు ఊరుకుంటారా? నోటి నిండా మాటలుంటాయి. ఒకటో తరగతిలో బొమ్మ వేయించి, దాని గురించి వాళ్లు చెప్పిన వాక్యాన్ని వాళ్ల మాటల్లోనే కింద మనం రాసి పెట్టవచ్చు. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీల పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ ఒక్కో పిల్లను "నీకే మాట కావాలి?" అని అడిగి, ఆ మాటను అట్ట మీద రాసి ఇచ్చేది. తను కోరి అడిగి తీసుకున్న మాటను పిల్ల మరిచిపోదు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ గానీ, అదే పని మీద మరుసటేడు తెలంగాణలో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం గానీ చిన్న తరగతుల్లోనే అర్థం చేసుకుంటూ చదవడం, సొంతంగా రాయడం రావాలంటున్నాయి. అక్షరాలన్నీ పూర్తయ్యేదాకా కూర్చుంటే అది కుదరదు.

అపోహ: 'సొంత వాక్యాలు రాయండి' అన్న అభ్యాసం ఎలాగూ ఉంది కదా, అది చాలు.

అభ్యాసం మంచిదే, రాయించే పద్ధతిలోనే లోపముంది. 'ఓపిక' ఇస్తే వచ్చే వాక్యాలు ఇవీ: "నాకు ఓపిక అంటే ఇష్టం." "ఇది ఓపిక." ఆ మాట తీసేసి జిలేబి అని పెట్టినా వాక్యం నిలబడుతుంది. అందుకే మా తరగతిలో ఒక చిన్న ఆట పెట్టాను. రాసిన వాక్యంలో ఆ మాట మీద వేలు పెట్టి మూసి, పక్కవాళ్లకు చూపించాలి. వాళ్లు మాట కనుక్కోగలిగితే వాక్యం గెలిచినట్టు. "తమ్ముడు ఉమ్మేస్తున్నా అమ్మ ____గా అన్నం తినిపించింది." ఇది గెలిచింది. ఓడిన వాక్యానికి మార్కులు కోయను. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని అడుగుతాను, పిల్ల మళ్లీ రాస్తుంది. ఇంట్లో కూడా ఆడుకోవచ్చు, పెన్సిలూ కాగితమూ ఉంటే చాలు.

అపోహ: ఇంటి మాట రాయనిస్తే పుస్తకం మాట రాదు.

మా పిల్లలకు దప్పిక కాదు, దూప అవుతుంది. జ్ఞాపకం రాదు, యాదికొస్తుంది. 'దాహం' పక్కన 'దూప' అని రాయనిస్తే కొత్త మాట తెలిసిన చోట కూర్చుంటుంది. కొట్టేస్తే రెండూ పోతాయి.

ఇక ఉత్సాహవంతులైన టీచర్లలో ఉండే అపోహ ఒకటుంది: కథలో సందర్భం చూసి పిల్లలే అర్థం ఊహించుకుంటారని. అన్నిసార్లూ కాదు. "రైతు దిగులుగా ఆకాశం వైపు చూశాడు" అని చదివి దిగులంటే ఏమిటని అడిగాను. సగం మంది తలెత్తి చూపించారు. వాళ్ల లెక్కలో దిగులంటే పైకి చూడటం! ఆ వాక్యంలో అంతకుమించి ఆధారం లేదు మరి. అప్పుడు నేనే అర్థం చెప్పాను, చెప్పాలి కూడా. చెప్పి, "మీకెప్పుడు దిగులేసింది?" అని రాయమన్నాను. ఎప్పుడూ రెండు ముక్కలకు మించి రాయని పిల్లవాడు ఆ రోజు రాసింది: "మా నాయిన దుబాయి పోయిన్నాడు నాకు దిగులైంది. అన్నం తినలే."

ఆ రాతలో నేనేదీ దిద్దలేదు.

'పండింది' వారం అయిపోయిన చాలా రోజులకు, గోరింటాకు పాప మళ్లీ పలక తెచ్చింది. "మా తాత జుట్టు పండింది" అని ఉంది. మనం నెరిసింది అంటామని చెప్పి, 'తలపండిన మనిషి' అనే మాట కూడా ఉందని చెప్పాను. పలక తుడవకుండా, కిందే ఇంకో వాక్యం రాసుకుంది: "మా తాత తల పండింది. తాతకు అన్ని తెలుసు."