డిస్కులో చోటుంది, డేటాబేస్‌లో లేదు

సర్వర్‌లో 400 జీబీ ఖాళీగా కనిపిస్తుంటుంది, కౌంటర్లో మాత్రం బిల్లు సేవ్ కాదు. ఎర్రర్ లాగ్ తెరిస్తే 1827 నంబరుతో ఒక మెసేజ్: లైసెన్సు ప్రకారం ఒక్కో డేటాబేస్‌కు 10240 ఎంబీ (అంటే 10 జీబీ) వరకే అనుమతి అని. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌ మీద నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లకు ఈ టెన్షన్ పాతదే. ఇంజిన్ అంతకన్నా మోయలేక కాదు. డబ్బు కట్టి కొనే ఎడిషన్‌లో ఇదే ఇంజిన్ 524 పీబీ (ఒక పీబీ అంటే దాదాపు పది లక్షల జీబీ) దాకా వెళ్తుంది. ఉచితంగా ఎంతవరకు ఇవ్వాలో మైక్రోసాఫ్ట్ గీసుకున్న గీత ఇది.

ఎక్స్‌ప్రెస్‌కు ముందు తరం ఉచిత డేటాబేస్ ఎంఎస్‌డీఈ. పరిమితి 2 జీబీ. ఒకేసారి ఎక్కువ పనులు పడితే కావాలనే నెమ్మదించేలా కూడా చేశారు. వేరే సాఫ్ట్‌వేర్ల వెంట చడీచప్పుడు లేకుండా ఎక్కేది కాబట్టి, తమ మెషీన్లో అదొకటి ఉందని 2003 జనవరిలో నెట్‌లో తనంతట తానే పాకే స్లామర్ వార్మ్ వచ్చి పడేదాకా చాలామందికి తెలియదు. 2005 వెర్షన్‌తో ఎక్స్‌ప్రెస్ వచ్చి, నెమ్మదించే ఆ బ్రేకు తీసేసి 4 జీబీ ఇచ్చింది. మరుసటి ఏడాది పోటీ కంపెనీ ఒరాకిల్ ఉచిత ఎడిషన్‌ కూడా 4 జీబీతోనే దిగింది. 2010లో మైక్రోసాఫ్ట్ 10 జీబీ అంటే, 2011లో ఒరాకిల్ 11 అంది. ఆ ఒక్క జీబీ కొసరన్నమాట!

ఆ తర్వాత పదిహేనేళ్లు మైక్రోసాఫ్ట్ గీత కదల్లేదు. ఈలోగా జనం దారులు వెతుక్కున్నారు. లెక్కలోకి వచ్చేది డేటా ఫైళ్ల సైజే, ట్రాన్సాక్షన్ లాగ్ (జరిగిన మార్పులు రాసుకునే ఫైలు) కాదు. అదీ సర్వర్ మొత్తానికి కాదు, ఒక్కో డేటాబేస్‌కు. అందుకే ఏడాదికో డేటాబేస్ తెరిచే పద్ధతి వచ్చింది. పాత బిల్లులు డిలీట్ చేసి ఫైలు తగ్గలేదేమని కంగారుపడేవాళ్లూ ఉంటారు. ఫైలు తగ్గదు, లోపల ఖాళీ అయిన పేజీల్లోనే కొత్త బిల్లులు సర్దుకుంటాయి. నన్నడిగితే చాలాచోట్ల అసలు దోషి బిల్లులు కావు, టేబుల్లో కుక్కిన స్కాన్ కాపీలు. వాటిని ఫైల్‌స్ట్రీమ్‌లో (డిస్కులో విడి ఫైళ్లుగా దాచే ఏర్పాటు) పెడితే ఈ లెక్కలోకే రావు.

2025 నవంబరులో విడుదలైన ఎస్‌క్యూఎల్ సర్వర్ 2025 ఎక్స్‌ప్రెస్‌లో పరిమితి 50 జీబీ అయింది. డేటాను మెమరీలో ఉంచుకునే బఫర్ మాత్రం 1410 ఎంబీ దగ్గరే ఉంది. నిండిన డేటాబేస్ మీద ఏడాది చివరి రిపోర్టు తీస్తే డిస్కు గిరగిరా తిరగాల్సిందే.