తుపాను ముందు ఆఫీసు కంప్యూటర్లు: అపోహలు – వాస్తవాలు

బంగాళాఖాతంలో తుపాన్లకు రెండు కాలాలు. ఏప్రిల్–జూన్ ఒకటి, అక్టోబర్–డిసెంబర్ రెండోది. 2014 అక్టోబర్ 12న వైజాగ్ మీదికొచ్చిన హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర దాటిన మిచౌంగ్, మూడూ రెండో కాలానివే. కోస్తాలో ఏ షాపుకెళ్లినా, ఏ ఆడిట్ ఆఫీసుకెళ్లినా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: డేటా బ్యాకప్ సంగతి హెచ్చరిక వచ్చాక చూసుకుందాం, రెండ్రోజులు టైముంటుంది.

వాస్తవం: వాతావరణ శాఖ తుపాను అలర్ట్ 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు వస్తాయి. వినడానికి బోలెడు సమయం. లెక్క వేయండి: 200 జీబీ డేటాను 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ స్పీడుతో క్లౌడ్‌కు పంపాలంటే, లైను ఒక్క క్షణం తెగకపోయినా 22 గంటలు పడుతుంది. గాలి పెరగ్గానే ముందుజాగ్రత్తగా కరెంటు తీసేస్తారు. అందుకే మొదటి పూర్తి బ్యాకప్ సెప్టెంబర్‌లోనే అయిపోవాలి. తర్వాత రోజూ మారినవి మాత్రం వెళ్తే చాలు. రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారన్నది ఓడలకు చెప్పే మాట, దాన్ని చూసి ఆఫీసు పని వాయిదా వేయకండి.

అపోహ: మా డేటా అంతా క్లౌడ్ డ్రైవ్‌లో సింక్ అవుతోంది, భయం లేదు.

వాస్తవం: ఎక్కువమంది మునిగేది ఇక్కడే. సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ ఫైలు చెడితే అక్కడా చెడిన ఫైలే చేరుతుంది. పైగా సింక్ అయ్యేది సాధారణంగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లే. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ డేటా ఫోల్డర్ చాలాచోట్ల వాటిలో ఉండదు. కంపెనీ డేటా ఏ దారిలో ఉందో ఒకసారి తెరిచి చూడండి. ట్యాలీ తెరిచి ఉండగా ఆ ఫోల్డర్‌నే సింక్‌లో పెట్టడం కూడా తప్పే, ఫైళ్లు సగం సగం వెళ్తాయి. ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలును పైకి పంపండి.

తీసిన బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో కూడా చూడాలి. వేరే కంప్యూటర్‌లో, లేదా కనీసం వేరే ఫోల్డర్‌లో రీస్టోర్ చేసి, చివరి వోచర్ నంబరు, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయాయో చూడండి. ఉన్న డేటా దారిలోనే రీస్టోర్ చేస్తే అసలు డేటా మీద పాతది కూర్చుంటుంది.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఊరి బయట. ఊరి బయట అంటే వైజాగ్‌లోనే ఎంవీపీ కాలనీలో ఉన్న ఓనరుగారి ఇల్లు కాదు. వైజాగ్ ఆఫీసు కాపీ హైదరాబాద్‌లో ఉండాలి. రెండు డిస్కుల నాస్ బాక్స్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) ఉందని ధీమా వద్దు, ఒకే వాన రెండిటినీ తడుపుతుంది. ఇంకోటి: టవర్లు పడిపోతే ఓటీపీ రాదు, క్లౌడ్ ఖాతా తెరుచుకోదు. ఖాతా బ్యాకప్ కోడ్‌లు ముందే కాగితం మీద ప్రింట్ తీసి, ట్యాలీ సీరియల్ నంబరుతో, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో కలిపి జిప్ కవర్లో పెట్టండి.

అపోహ: యూపీఎస్ ఉందిగా.

వాస్తవం: 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటి. కాగితం మీద 84 వాట్ అవర్లు. డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 120 వాట్లు లాగితే పావుగంటో ఇరవై నిమిషాలో, పాత బ్యాటరీ అయితే ఐదే. పని ఆపి షట్‌డౌన్ చేయడానికే అది. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ మీద ల్యాప్‌టాప్, రౌటర్, ఫైబర్ బాక్స్ కలిపి 80 వాట్లు పెడితే, నష్టాలు పోను సుమారు 14 గంటలు నడుస్తాయి. అయినా ఫైబర్‌కు అవతలి కొసన ఉన్న పెట్టె కూడా బ్యాటరీ మీదే బతుకుతోంది, అది ఆగితే మీ రౌటర్ లైటు వెలిగినా నెట్ రాదు. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచుకోండి. జనరేటర్ మాత్రం గది లోపల, వరండా మూల నడపొద్దు. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

అపోహ: మెయిన్ స్విచ్ ఆపేశాం, ఇంకేం కాదు.

వాస్తవం: ఆపి ఉన్నంతసేపు కొంత నయమే. పిడుగు మాత్రం బయటి సీసీ కెమెరా వైరు, ల్యాన్ కేబుల్, డిష్ వైరు పట్టుకుని కూడా వస్తుంది, అవీ పీకాలి. అసలు ముప్పు కరెంటు తిరిగొచ్చినప్పుడు. గాలికి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగి ఉంటే 230 రావాల్సిన చోట దాదాపు 400 వోల్టుల దాకా రావచ్చు. మామూలు ఎంసీబీ (మీటరు బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్) దాన్ని పట్టుకోదు, అది చూసేది ఎక్కువ కరెంటును, ఎక్కువ వోల్టేజీని కాదు. ప్లగ్గులన్నీ పీకే ఉంచండి. లైను వచ్చాక అరగంట ఆగి మల్టీమీటర్‌తో చూడండి. 207–253 మధ్య నిలకడగా ఉంటే ముందు ఒక లైటు, తర్వాత రౌటర్, చివరికి కంప్యూటర్లు.

అపోహ: మూడో అంతస్తు కదా, నీళ్లెక్కడొస్తాయి?

వాస్తవం: అడ్డంగా కొట్టే వాన కిటికీ ఏసీ సందులోంచి, స్ప్లిట్ ఏసీ పైపు కన్నంలోంచి లోపలికొస్తుంది. తుపాను కన్ను మీదుగా దాటితే కాసేపు అంతా ప్రశాంతం, ఆ తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. అప్పటిదాకా పొడిగా ఉన్న కిటికీయే తడుస్తుంది. సీపీయూలు లోపలి గదిలో, బల్లల మీద, ప్లాస్టిక్ షీట్ కింద. నడుస్తున్న మిషన్ మీద మాత్రం షీట్ కప్పకండి.

అపోహ: తడిసిన హార్డ్ డిస్క్‌ను బియ్యంలో పెడితే బాగవుతుంది.

వాస్తవం: బాగవదు. బురదనీళ్లలో మునిగిన డిస్కును ఎండబెడితే మట్టి, ఉప్పు లోపలి పళ్లేల మీద అంటుకుపోతాయి. ‘ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం’ అన్నదే ఎక్కువ డిస్కుల్ని చంపేది. హెయిర్ డ్రయర్ వద్దు, విప్పొద్దు. తడిగానే కవర్లో పెట్టి, గాలి చొరకుండా మూసి, డేటా రికవరీ వాళ్లకు పంపండి. పంపేముందు బీమా క్లెయిమ్ కోసం సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో తీసుకోండి.